మైనస్ 25,216

నా ముందు 30 జవాబు పత్రాలు. 29 పత్రాల్లో జవాబు 120. ఒక్కదాంట్లో మైనస్ 25,216.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ అది. పేరు చెప్పను. చెప్పకపోయినా గుమ్మడికాయల దొంగ కథలో మాదిరి ఆ దారిలో ఉన్న కాలేజీలన్నీ భుజాలు తడుముకుంటాయని తెలుసు. నన్ను ల్యాబ్ పరీక్షకి ఎక్స్‌టర్నల్‌గా పిలిచినారు. ఎక్స్‌టర్నల్ అంటే పెళ్ళికి పిలిచిన ఫొటోగ్రాఫర్ లాంటోడు. పెళ్ళి ఇష్టపడి చేసుకుంటున్నారా లేదా అని అడగడం ఆయన పని కాదు. ఫొటోలో అందరూ నవ్వుతా ఉండాలి, అంతే.

ప్రశ్న: ఇచ్చిన సంఖ్యకి ఫ్యాక్టోరియల్ కనుక్కునే ప్రోగ్రాం రాయండి. సీ భాష తొక్కిన ప్రతి బిడ్డా దాటొచ్చిన గడప ఇది. ఇన్‌పుట్ 5, అవుట్‌పుట్ 120. మా కాలంలోనూ ఇన్‌పుట్ 5, అవుట్‌పుట్ 120. మాన్యువల్లో 5. బోర్డు మీద 5. రికార్డులో 5. సత్యనారాయణ వ్రతానికి అయిదు కథలు ఎంత ఖాయమో ఫ్యాక్టోరియల్‌కి అయిదు అంత ఖాయం.

ఆ మైనస్ పత్రం రాసిన పిల్లని పిలిపించినాను. బంగారుపాళ్యం పక్క పల్లె. హాల్ టికెట్ చేతిలో నలిగిపోతా ఉంది.

"ఎనిమిది ఎందుకు కొట్టినావమ్మా?"

"అయిదు కీ పని చేయలేదు సార్. ఎంత నొక్కినా పడలా. పక్క సిస్టమ్ అడిగితే దానికి కరెంటే లేదన్నారు. టైమ్ అయిపోతా ఉండాదని, దాని పైన ఎనిమిది ఉంటే అది కొట్టేసినా."

"ఈ మైనస్ చూసి నీకేమనిపించింది?"

"తప్పని తెలుసు సార్. కానీ స్క్రీన్ మీద అదే కదా వచ్చింది."

పోయి చూసినాను. నిజమే. నంబర్ ప్యాడ్‌లో మధ్య కీ గుంటపడి, మీద అంకె చెరిగిపోయి, రోకలి దెబ్బలు తిన్న రోలు మాదిరి ఉంది. ఎన్ని బ్యాచ్‌లు నొక్కితే ఆ గతి పట్టాలి! దాని చుట్టూ ఉన్న కీలు మాత్రం కొత్తగా నిగనిగలాడుతున్నాయి, వాటి జోలికి పోయినోళ్ళు లేరు. ఇంకో సంగతి కూడా గమనించినాను. ఆ గదిలో ఆరు సిస్టమ్‌లకి కరెంటు లేదు. వాటి ముందు కూర్చున్న ఆరుగురి జవాబూ 120. కరెంటు లేకుండా నడిచే కంప్యూటర్ అమెరికావాళ్ళ దగ్గర కూడా లేదు. మన చిత్తూరు జిల్లా పిల్లోళ్ళు సాధించినారు.

ఇంటర్నల్ సారు నా పక్కన కుర్చీ లాక్కొని, గొంతు తగ్గించి, "ఆ అమ్మాయిది అవుట్‌పుట్ రాంగ్ సార్. ఫైవ్ మార్క్స్ కట్ చేసేద్దాం" అన్నాడు. కోతలో కూడా అయిదే.

లెక్క ఏమిటో చెబుతా. ఆ గదిలో నడుస్తున్నది టర్బో సీ ప్లస్ ప్లస్. బోర్లాండ్ కంపెనీ 1990లో మొదటిసారి విడుదల చేసిన సరుకు. సీ ప్లస్ ప్లస్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది 1998లో. అంటే చట్టం పుట్టకముందు దిగిపోయిన మునసబు ఇంకా మన ఊళ్ళో తీర్పులు చెబుతున్నాడన్నమాట. ఆయన దగ్గర మామూలు పూర్ణాంకానికి 16 బిట్ల చోటే ఉంది. మైనస్ 32,768 నుంచి 32,767 దాకా పడుతుంది, ఆపైన పట్టదు. 7 ఫ్యాక్టోరియల్ 5,040, బాగానే చెబుతాడు. 8 ఫ్యాక్టోరియల్ 40,320. అది పట్టక, గిర్రున తిరిగి కింద నుంచి పైకొస్తుంది. 40,320 లోంచి 65,536 తీసేయండి. మైనస్ 25,216. ఆ పిల్ల పత్రంలో ఉన్నది అదే. కంపైలర్ ఏం చెప్పిందో అది రాసింది. మిగతా 29 మంది వాళ్ళ సీనియర్ ఏం చెప్పినాడో అది రాసినారు.

ఈ ముసలి మునసబుని బతికించడానికి చేసే సేవ చూడాలి మీరు. ఇప్పటి 64 బిట్ల విండోస్ ఈ 16 బిట్ల ప్రోగ్రాంని గడప తొక్కనివ్వదు. అందుకని డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, దాంట్లో పాతకాలపు డాస్ కంప్యూటర్ ఒకటి ఉన్నట్టు నటింపజేసి, అందులో నీలం తెర వెలిగిస్తారు. డాస్‌బాక్స్ తయారుచేసిన వాళ్ళు పాత వీడియో ఆటలు ఆడుకోవడానికి చేసుకున్నారు. మనమూ ఆడుతున్నది ఆటే గనక తప్పు పట్టలేము. వైవాలో ఒక అబ్బాయిని "కంపైలర్ అంటే ఏమి నాయనా?" అని అడిగినాను. "ఆల్ట్ ఎఫ్9 సార్" అన్నాడు. "మరి ప్రోగ్రాం నడపడం?" "కంట్రోల్ ఎఫ్9 సార్." "జవాబు?" "ఆల్ట్ ఎఫ్5 సార్." మూడు ముళ్ళూ సరిగ్గా వేసినాడు. మార్కులు వేయక తప్పలేదు.

హెచ్‌ఓడీ గారి గదిలో ఈ మాట ఎత్తినాను. "జీసీసీ కంపైలర్ పెట్టుకోవచ్చు కదా సార్. రిచర్డ్ స్టాల్‌మన్ 1987 నుంచి ఊరికే ఇస్తావుండాడు. పైసా ఖర్చు లేదు."

"అది బ్లాక్ స్క్రీన్ సార్. కమాండ్ లైన్. పిల్లోళ్ళు భయపడతారు."

తిరుపతి పిల్లోళ్ళకి లైన్ అంటే భయమంట! సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో రాత్రంతా కూర్చుని తెల్లారి లేచి మళ్ళీ నడిచే ఊరు ఇది. రైలు టికెట్‌కి లైన్, లడ్డూకి లైన్, గుండుకి లైన్, చెప్పులు వదలడానికి లైన్, వదిలిన చెప్పులు వెతుక్కోవడానికి ఇంకో లైన్. ఇన్ని లైన్లలో పెరిగిన బిడ్డ కమాండ్ లైన్ చూసి జడుసుకుంటాడా? జడుసుకునేది వాడు కాదు. మౌస్‌తో పని చేసేవాడు వేలితో చూపిస్తాడు, వేలు చూపించడానికి చదువు అక్కరలేదు. కమాండ్ లైన్ దగ్గర నోరు తెరిచి ఏం కావాలో చెప్పాలి. ఏం కావాలో తెలిసినవాడే చెప్పగలడు. ఆ సంగతి పిల్లోళ్ళకన్నా పెద్దోళ్ళకే బాగా తెలుసు. అందుకే ఆ కిటికీ తెరవరు. సినిమాల్లో హ్యాకర్ అదే నల్లతెర మీద టకటకా కొడితే బ్యాంకులు ఖాళీ అవుతాయి గనక, మన సార్లకి అది దొంగల పనిముట్టుగా తోచినా ఆశ్చర్యం లేదు.

ఇంతలో భోజనం పిలుపు వచ్చింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు, పెరుగన్నంలోకి మామిడికాయ ఊరగాయ. జీసీసీ కమాండ్ లైన్లో ఏ కోరిక కోరినా ముందు మైనస్ గుర్తు పెట్టి కోరాలి. అందులో మైనస్ చిన్న డబ్ల్యూ అని ఒకటుంది. అది పెడితే కంపైలర్ హెచ్చరికలన్నీ మింగేసి నోరు మూసుకుంటుంది. మన పరీక్షల్లో ఆ ఆప్షన్ పేరు భోజనం. దానికి విరుగుడుగా మైనస్ డబ్ల్యూ ఆల్ అని ఇంకొకటి ఉంది. హెచ్చరికలు చూపిస్తుంది. పేరులో ఆల్ ఉంది గదా అని అన్నీ చూపిస్తుందనుకునేరు, ఇంకొన్ని కావాలంటే మైనస్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా అని విడిగా అడుక్కోవాలి. ఫుల్ మీల్స్ అని బోర్డు పెట్టి అప్పడానికి వేరే బిల్లు వేసే హోటలు గుర్తొస్తుంది నాకు. ఇక మైనస్ డబ్ల్యూ ఎర్రర్ అనేది ఉంది. అది పెడితే ప్రతి చిన్న హెచ్చరికా తప్పు కిందే లెక్క, కంపైలర్ అడుగు ముందుకు వేయదు. ఆ ఆప్షన్ మనుషుల మీద పెడితే ఏ కాలేజీలోనూ ఒక్క సంతకం పడదు.

నాటుకోడి బాగుంది. అబద్ధం ఎందుకు.

తిన్న తర్వాత రికార్డుల మీద సంతకాలు. అక్కడ నాకు జ్ఞానోదయం అయింది. మెటాప్రోగ్రామింగ్ అంటే ప్రోగ్రాంలు రాసే ప్రోగ్రాం రాయడం. పెద్ద విద్య. లిస్ప్ భాషలో 1963 నుంచీ మాక్రోలు ఉన్నాయి, ప్రోగ్రాం తన మాంసాన్ని తానే కోసి కొత్త ప్రోగ్రాం వండుకుంటుంది. మనకది రాదని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. రికార్డులు తిరగేస్తుంటే తెలిసింది, మనది మొత్తం మెటాప్రోగ్రామింగ్ కాలేజీయే. ఒక మూల గ్రంథం ఉంది, ఏ సంవత్సరం ఎవరు రాసినారో తెలియదు. దాంట్లో పేరు, రోల్ నంబరు రెండు ఖాళీలు. ఏటా ఖాళీల్లో కొత్త పేర్లు పడతాయి, మిగతాది అచ్చు గుద్దినట్టు దిగుతుంది. ఒక అమ్మాయి రికార్డులో 'మీ పేరు టైప్ చేయండి' అన్న ప్రోగ్రాంకి అవుట్‌పుట్‌గా ఒక మగపిల్లోడి పేరు ఉంది. ఎవరమ్మా ఇతను అంటే ఆ అమ్మాయికీ తెలియదు. పక్క రికార్డులోనూ అదే పేరు. 30 రికార్డుల్లోనూ అదే. ఆ మహానుభావుడు ఎప్పుడో పాసై, బెంగళూరు పోయి, పెళ్ళి చేసుకుని, ఈపాటికి బట్టతల తెచ్చుకుని ఉంటాడు. ఇక్కడ ఏటా రికార్డుల్లో పుడుతూనే ఉన్నాడు.

సీ భాషలో ఈ రకం మాక్రోలు ఉన్నాయి. గుడ్డివి. రాసింది రాసినట్టు అతికిస్తాయి, అర్థం చూడవు. వర్గం కట్టడానికి 'ఎక్స్ ఇంటూ ఎక్స్' అని మాక్రో రాసి, దానికి 3+2 ఇవ్వండి. 25 రావాలి. అది మాత్రం 3+2 ఇంటూ 3+2 అని అతికించి ఊరుకుంటుంది. గుణకారం ముందు జరుగుతుంది గనక 3+6+2, అంటే 11. జీసీసీకి మైనస్ పెద్ద ఈ అని చెబితే ఈ అతుకుల పని పూర్తయ్యాక లోపల ఏం తయారైందో మొత్తం విప్పి చూపిస్తుంది. మన రికార్డులకి మైనస్ ఈ పెట్టినవాడు లేడు. కాలేజీ గేటు ఎదుట జిరాక్సు షాపు ఉంది, బైండింగుతో సహా అక్కడే. ఈ మధ్య ఆ షాపుకి కూడా పోటీ వచ్చింది, ఫోన్లో అడిగితే రాసిపెట్టే యంత్రాలు వచ్చేసినాయి. వాటికీ మొదట అడిగే ఇన్‌పుట్ 5.

ఆ బంగారుపాళ్యం పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది, మార్కులు పోతాయన్న దిగులుతో. పిలిచి, నా ల్యాప్‌టాప్‌లో నల్లకిటికీ తెరిచినాను.

"ఫ్యాక్టోరియల్ రాయి."

రాసింది. నేను ముందు ఒక్క మాట చేర్చినాను, కాన్‌స్ట్‌ఎక్స్‌పర్ అని. సీ ప్లస్ ప్లస్‌లోకి 2011లో వచ్చిన మాట. దానర్థం, 'ఈ లెక్క కంపైల్ చేసేటప్పుడే, ప్రోగ్రాం పుట్టకముందే నువ్వే చేసెయ్యగలవు' అని కంపైలర్‌కి చెప్పడం. 8 ఇచ్చి, మైనస్ పెద్ద ఎస్ పెట్టి కంపైల్ చేసినాము. అంటే యంత్రభాషకి ఒక మెట్టు పైన ఆపి చూపించమని. ఆ పిల్ల తెర మీదకి వంగి వెతికింది. లూప్ లేదు. గుణకారం లేదు. ఒక మూల 40320 అనే అంకె మాత్రం కూర్చుని ఉంది.

"రన్ చేయకనే జవాబు వచ్చేసిందా సార్?"

"రన్ చేసే పని లేకుండా పోయింది. ఇప్పుడు 13 ఇవ్వు. ముందు ఆ మాట తీసేసి మామూలుగా ఇచ్చి చూడు."

నా ల్యాప్‌టాప్‌లో పూర్ణాంకానికి 32 బిట్లు, 2,147,483,647 దాకా పడుతుంది. 13 ఫ్యాక్టోరియల్ 6,227,020,800. పట్టదు. మామూలుగా నడిపితే 1,932,053,504 అని వచ్చింది. మైనస్ గుర్తు కూడా లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన అబద్ధం. టర్బో సీ మైనస్ చూపించి కనీసం దొంగచూపులు చూసింది, ఇది కళ్ళలోకి చూసి చెప్పింది. మళ్ళీ ఆ మాట చేర్చి, జవాబు కంపైల్ అయ్యేటప్పుడే తేలాలని చెప్పి కంపైల్ చేయమన్నాను. కంపైలర్ కదల్లేదు. లెక్క పొంగిపోతోంది, ఇది నేను తయారుచేయను, పో అంది.

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. "మా సార్ల కన్నా స్ట్రిక్టుగా ఉండాదే సార్."

నేను చెప్పాలనుకున్నది ఇదే. తిరుమల కొండ ఎక్కే ప్రతి బండినీ అలిపిరిలోనే ఆపుతారు. డిక్కీ తెరుస్తారు, సంచులు మిషన్లో పెడతారు, జేబులు తడుముతారు. కొండపైకి పోనిచ్చి, గుడి ముందు నిలబెట్టి, 'అయ్యో నీ సంచిలో ఇది ఉందే' అనరు. కంపైల్ సమయంలో చేసే ప్రోగ్రామింగ్ అంటే అలిపిరి. తప్పుని కొండ కిందే పట్టుకోవడం. అక్కడితో ఆగలేదు, సీ ప్లస్ ప్లస్‌లో స్టాటిక్ అసర్ట్ అని ఒకటి పెట్టినారు. 'ఈ మాట నిజమైతేనే ప్రోగ్రాం తయారుచెయ్యి' అని రాసిపెట్టవచ్చు. అది కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయడం లాంటిది. ఎంతటి తగాదాకోరు అయినా ఆ కోనేరులో మునిగి ప్రమాణం చెయ్యమంటే ఊళ్ళోనే ఒప్పేసుకుంటాడని మన జిల్లాలో పేరు. కంపైలర్ కూడా అంతే.

మన చదువులకి అలిపిరి లేదు. ఎంసెట్ అన్నారు, 2021లో ఈఏపీసెట్ అని పేరు మార్చినారు, గేటు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంది. ఇంటర్నల్‌లో పోనిస్తారు, ల్యాబ్‌లో పోనిస్తారు, వైవాలో పోనిస్తారు, ప్రాజెక్టు కొనుక్కొస్తే బైండింగు బాగుందని పోనిస్తారు. నాలుగేళ్ళు ఎక్కినాక, బెంగళూరులో ఏదో అద్దాల మేడ ముందు, ఏసీ గదిలో, ఒక ఇంటర్వ్యూలో డిక్కీ తెరుస్తారు. అప్పుడు దొర్లుతాడు బిడ్డ, 3,550 మెట్లూ ఒకేసారి. దొర్లిన వాడిది తప్పంటారు. వాడు అమీర్‌పేటలో ఇంకో కోర్సు కడతాడు. వాళ్ళ నాయన ఇంకో రెండు ఆవుల్ని అమ్ముతాడు.

ఆ 13 ఫ్యాక్టోరియల్ తప్పు పక్కనే జీసీసీ బ్రాకెట్లో ఇంకో మాట చూపించింది. మైనస్ ఎఫ్ పర్మిసివ్. అంటే 'ఇది తప్పే, కానీ నువ్వు ఆ ఆప్షన్ పెట్టి అడిగితే తప్పుని హెచ్చరికగా తగ్గించి పోనిస్తా' అని. ఆ పిల్లకి దాని అర్థం చెప్పబోయి ఆగిపోయినాను. హెచ్‌ఓడీ గారు వెనకే నిలబడి ఉన్నారు.

ఒక్క నిజం ఒప్పుకోవాలి. ఈ కంపైలర్లకి నోరు మంచిది కాదు. మెటాప్రోగ్రామింగ్‌లో చిన్న తప్పు చేస్తే తెర నిండా వరదలా తిడతాయి. మన పల్లె పంచాయితీ చూసినారా? గట్టు రెండు జానలు జరిగిందని ఫిర్యాదు ఇస్తే, పెద్దమనిషి "మీ అబ్బకి అబ్బ ఉన్నాడే, ఆయన్ని కన్న ఆయన..." అని మొదలుపెడతాడు. మెటాప్రోగ్రామింగ్‌కి వాడే టెంప్లేట్ల తప్పులూ అంతే. ఇది అక్కడ నుంచి పుట్టింది, అది ఇంకో చోట నుంచి పుట్టింది అని వంశవృక్షం చదువుతాయి. జీసీసీ ఈ వంశాన్ని 900 తరాల దాకా ఓపిగ్గా తవ్వి, ఆ పైన నావల్ల కాదని లేస్తుంది. 900 తరాలు! మన పురోహితుడు మూడు తరాలు అడిగితేనే నీళ్ళు నములుతాం. పిల్లోళ్ళు ఆ వరద చూసి పారిపోతారు. ఎర్రర్ అన్న మాట మొదట ఎక్కడ పడిందో ఆ లైన్ చదివితే సగం తెలిసిపోతుందని చెప్పే మనిషి ఆ గదిలో ఉండాలి, అంతే కావాల్సింది.

అసలు సీ ప్లస్ ప్లస్‌లో ఈ టెంప్లేట్ల విద్య బయటపడిందే తిట్లలోంచి. 1994లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణాల కమిటీ ముందు ఎర్విన్ ఉన్రూ అనే ఆయన ఒక ప్రోగ్రాం పెట్టినాడు. అది కంపైల్ కాదు. కాకుండా ఉండేట్టే రాసినాడు. కానీ కంపైలర్ ఉమ్మిన తప్పుల వరసలో ప్రధాన సంఖ్యలు కనిపించినాయి: 2, 3, 5, 7, 11... ఫెయిలైన ప్రోగ్రాం సరైన జవాబు చెప్పింది. మనం దానికి ఎదురు పద్ధతి కనిపెట్టినాము. మన దగ్గర అన్నీ పాసవుతాయి, జవాబు ఉండదు. ఉన్రూకి దొరికిన పేరు మనకెందుకు రాలేదో ఆలోచించాల్సిన విషయం.

ఈ మాటలన్నీ విని హెచ్‌ఓడీ గారు దగ్గి, గొంతు సవరించుకుని, "సంస్కృతమే కంప్యూటర్‌కి బెస్ట్ లాంగ్వేజ్ అని నాసా చెప్పింది గదా సార్" అన్నారు. దానికీ దీనికీ సంబంధం నాకు అంతు చిక్కలేదు, కానీ కాలేజీ డే అని పేరు పెట్టిన ప్రతి సభలో ముఖ్య అతిథి చెప్పే మాట గనక వాడుకలో ఉన్నట్టే. జరిగింది ఇది: నాసా వారి ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన రిక్ బ్రిగ్స్ 1985లో ఏఐ మ్యాగజైన్‌లో ఒక వ్యాసం రాసినాడు, శాస్త్ర సంస్కృతంలో వాక్యార్థం విప్పే తీరుకీ కృత్రిమ మేధలో అర్థాన్ని దాచే తీరుకీ పోలిక ఉందని. నాసా ఏ ప్రకటనా చేయలేదు, ఏ కంపైలరూ రాయలేదు. 40 ఏళ్ళుగా ఆ ఒక్క వ్యాసం మీద మనం సన్మానాలు చేయించుకుంటున్నాం.

ఆ మాట చెప్పే పెద్దలు ఆటో ఎక్కి తిరుపతిలోనే ఉన్న సంస్కృత విశ్వవిద్యాలయానికి పోతే చాలు. 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో జాతీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ పాణిని చెబుతారు. సుమారు 4,000 సూత్రాలు. కొన్ని సూత్రాలు భాష సంగతే ఎత్తవు, సూత్రాల సంగతి చెబుతాయి. రెండు సూత్రాలు కొట్టుకుంటే ఎవరి మాట చెల్లాలో తీర్పు ఇస్తాయి. ఇక ఇత్ అనే గుర్తు అక్షరాలు ఉన్నాయి. ప్రత్యయానికి తగిలించి ఉంటాయి, ఇక్కడ అచ్చు మారాలి, అక్కడ స్వరం ఇట్లా పడాలి అని చెప్పి, పని కాగానే మాయమవుతాయి. పుట్టిన మాటలో వాటి జాడ ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో లూప్ మాయమై 40320 మిగల్లేదూ, అదే పని. ఒకటో తరగతి పిల్లోడు 'అచ్చులు, హల్లులు' అని గొంతు చించుకుంటాడే, ఆ అచ్ అనే మాటే పాణిని మాక్రో. 14 మాహేశ్వర సూత్రాల్లో అ దగ్గర మొదలుపెట్టి చ్ అనే గుర్తు దాకా ఉన్నవన్నీ అని అర్థం. మెటాప్రోగ్రామింగ్ పలకా బలపం నాటికే మన నోట్లో ఉంది. దాన్ని కూడా మనం బట్టీయే పట్టినాము.

బయట లోకం ఆగలేదు. వాల్టర్ బ్రైట్ చేసిన డీ భాషలో కంపైల్ సమయంలోనే ప్రోగ్రాం ముక్కలు రాయించి అతికించవచ్చు. జిగ్ అనే భాషలో దానికి వేరే మంత్రాలు కూడా అక్కరలేదు, మామూలు కోడ్ ముందు కాంప్‌టైమ్ అని పెడితే చాలు. 2025 జూన్‌లో సోఫియాలో కూర్చున్న సీ ప్లస్ ప్లస్ కమిటీ, ప్రోగ్రాం తన నిర్మాణాన్ని తానే చూసుకునే రిఫ్లెక్షన్‌ని తర్వాతి ప్రమాణంలోకి తీసుకుంది. ప్రోగ్రాంలు కూడా అద్దంలో చూసుకోవడం నేర్చుకుంటున్నాయి. ఇవన్నీ ఉచితం, అన్నీ కమాండ్ లైన్ నుంచే నడుస్తాయి, అన్నీ నల్లకిటికీలే.

సాయంత్రం అయిదు. మార్కుల పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ మైనస్ పత్రానికి పూర్తి మార్కులు వేసినాను. ఇంటర్నల్ సారు పెన్ను పట్టుకుని ఒప్పుకోలేదు. "రాంగ్ ఆన్సర్‌కి ఫుల్ మార్క్స్ వేస్తే రేపు ఎవరన్నా రీవాల్యుయేషన్‌లో అడిగితే సార్?"

"40,320 కి 16 బిట్లు చాలవని చెప్పండి."

"అట్లయితే మిగతా వాళ్ళ 120 కరెక్టే గదా సార్?"

"కరెంటు లేని ఆరు సిస్టమ్‌ల నుంచి కూడానా?"

ఆయన ల్యాబ్ అసిస్టెంట్ వంక చూసినాడు. ల్యాబ్ అసిస్టెంట్ ఫ్యాన్ వంక చూసినాడు. హెచ్‌ఓడీ గారు మధ్యలో వచ్చి, "ఊరికే సీరియస్ అయిపోతావుండారు సార్ మీరు. ఆ పాపకి రెండు తగ్గించి వేద్దాం. మీ మాటా నిలుస్తుంది, మా మాటా నిలుస్తుంది" అన్నారు. మైనస్ ఎఫ్ పర్మిసివ్. నేను రెండు కూడా తగ్గించనన్నాను. నాటుకోడి పులుసు తిన్న నోటితోనే అన్నాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన పని. పూర్తి మార్కులే పడినాయి. ఆపైన ఆ కాలేజీ నుంచి నాకు మళ్ళీ పిలుపు రాలేదు.

బస్సు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. జీసీసీ ఎట్లా ఎక్కించుకోవాలో కాగితం మీద రాయించుకుంది. పోతా పోతా, "సార్, ల్యాబ్ తలుపు మీద నోటీసు పెట్టినారు, చూసినారా?" అంది.

వెనక్కి పోయి చూసినాను. తడి ఇంకా ఆరలేదు, జిగురు కింద నుంచి కారుతా ఉంది. 'గమనిక: ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంనకు విద్యార్థులు ఇన్‌పుట్‌గా 5 మాత్రమే ఇవ్వవలెను. ఇతర సంఖ్యలు ఇచ్చిన వారిపై చర్య తీసుకొనబడును. కీబోర్డు మరమ్మతు చేయబడినది.'